పందితలకు మొదటి దండం

మిరాన్ అక్క నన్ను మోసం చేసిందంటే కొరియాలో మా దేగు ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఆవిడ మంచితనం గురించి చెప్పమంటే మాత్రం బజారు బజారంతా ముందుకొస్తుంది. నేనూ చాలాకాలం ఆ గుంపులోనే ఉన్నాను కాబట్టి వాళ్ళని ఏమీ అనను. నేను అనాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళంతా నాతోపాటు ఒకే గదిలో కూర్చుని ఎంబీఏ చదివినవాళ్ళు.

నలభై దాటేదాకా నేను ఒక బీమా కంపెనీలో క్లెయిముల విభాగంలో పనిచేశాను. జబ్బుపడి డబ్బు అడిగినవాళ్ళకి ఎందుకు ఇవ్వకూడదో కారణం వెతకడం నా ఉద్యోగం. బాగా వెతికేదాన్ని, అందుకే ప్రమోషన్లు వచ్చాయి. ఒకసారి రొమ్ము కాన్సరు వచ్చిన ఒకావిడకి, మీ పాలసీలో ఇది రాదండీ అని ఫోనులో చెప్పాను. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. రోజూ ఇలాంటివి చెప్పాలంటే మీకూ కష్టంగానే ఉంటుంది పాపం, అని పెట్టేసింది. తిట్లు ఎన్ని తిన్నా నాకు అన్నం సహించేది. ఆ జాలి మాత్రం అరగలేదు. పొద్దున లేస్తే ఆఫీసుకి కాళ్ళు కదిలేవి కావు. అలాగని మానేసి ఏం చేయాలో తెలియదు. నాకు వచ్చిందల్లా కాదు అని చెప్పడమే. ఇంకేదన్నా నేర్చుకుందామని, మనసుకి పట్టే పని ఒకటి వెతుక్కుందామని, శుక్ర శనివారాలు జరిగే ఎంబీఏలో చేరాను.

ఆ ఎంబీఏలో సగం చదువు, సగం భోజనాలు. క్లాసు అయిపోగానే అందరం కలిసి మాంసం కాల్చుకునే హోటలుకి పోవాలి, అక్కణ్ణించి ఇంకో చోటికి పోవాలి. పోకపోతే వాళ్ళలో మనం లేనట్టే. మొదటివారమే పక్కన కూర్చున్న ఒకావిడ నా గ్లాసులో సోజు సారా పోస్తూ ఏ సంవత్సరం పుట్టారని అడిగింది. మా జంతువుల లెక్కలో కోతి సంవత్సరం అన్నాను. తనది ఎలుక అంది.

"ఎనిమిదేళ్ళు పెద్దదాన్ని. ఇంక మీరూ గారూ ఏంటే నీ మొహం, అక్కా అను" అంది.

ఆవిడే మిరాన్. ఆసుపత్రి మంచాలు, చక్రాల కుర్చీలు అద్దెకిచ్చే పెద్ద కొట్టు ఆవిడది. నేను ఒంటరిగా పెరిగినదాన్ని, ఒంటరిగానే బతుకుతున్నదాన్ని. నన్ను అలా ఏమే ఒసే అని పిలిచేవాళ్ళు లేక ఎన్నేళ్ళయిందో. ఆ మాటకే సగం పడిపోయాను.

మిగతా సగం ఆసుపత్రిలో పడ్డాను. మత్తిచ్చి చేసే పెద్దపేగు పరీక్షకని, వాళ్ళు చెప్పినట్టే కడుపు ఖాళీ చేసుకుని వెళ్తే, కౌంటరు దగ్గర అమ్మాయి మీతో ఎవరొచ్చారని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. తోడు లేకుండా మత్తు ఇవ్వమని పంపించేసింది. ఆ శనివారం భోజనాల దగ్గర దాన్ని నవ్వులాటగా చెప్పాను. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. మళ్ళీ తారీఖు తీసుకో, నేనొస్తా అంది. వచ్చింది. కొట్టు మూసుకుని వచ్చి, నేను మత్తులో ఉన్నంతసేపూ బయట కూర్చుంది. లేచాక జావ కొనిపెట్టింది. తిరిగొస్తూ టాక్సీలో ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావే, పేగు బానే ఉందన్నారుగా అంది.

కంపెనీ ఆలోచన ఆ టాక్సీలోనే పుట్టింది. మా ఊళ్ళో ఒంటరిగా ఉండేవాళ్ళు ఇంటింటికీ ఉన్నారు. ముసలివాళ్ళే కాదు, నాలాంటివాళ్ళు కూడా. వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరు చెప్పింది విని, అర్థమయ్యేట్టు మళ్ళీ చెప్పి, ఇంటి దగ్గర దింపే మనుషులు కావాలి. నేను అప్పటిదాకా జబ్బుపడినవాళ్ళకి కాదు అని చెప్పి బతికాను. ఇకమీద వస్తాను అని చెప్పి బతుకుతాను అనుకున్నాను. చదువులో చివరి ప్రాజెక్టుగా అదే రాశాను. మా ప్రొఫెసర్ గారు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించారు. పెట్టుబడి కొంత అక్క పెడతానంది, కొట్టు పైన మేడ కూడా ఇస్తానంది. మిగతాది నేను ఉద్యోగం మానేస్తే వచ్చే డబ్బు. ఆ రోజు నుంచి క్లాసులో అందరూ నన్ను డైరెక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. అందరికంటే గట్టిగా పిలిచింది అక్కే.

నా తెలివితక్కువతనం ఎక్కడుందో మీరు ఈపాటికే కనిపెట్టి ఉంటారు. ఒప్పందాల చట్టం పేపరులో క్లాసు మొత్తానికీ ఎక్కువ మార్కులు నావి. భాగస్వాములు ఏమేం రాసుకోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ అక్క అన్నాక రాసుకోవడం ఏంటి? మా దగ్గర ఒకసారి అక్కా చెల్లీ అనుకున్నాక కాగితం అడిగితే, నువ్వు దొంగవి అని ముఖం మీద చెప్పినట్టే. రిజిస్ట్రేషను పనులన్నీ తన ఆడిటరు చూసుకుంటాడంది. ఒకే ఒక్కసారి, నోట్లో మాట నోట్లోనే ఉంచుకుంటూ, మనం కూడా ఒకటి రాసుకుంటే బాగుంటుందేమో కదక్కా అన్నాను. అక్క తింటున్నదల్లా చాప్‌స్టిక్కులు కింద పెట్టింది.

"మన మధ్య కాగితాలా?" అంది.

ఆ పూట ఇంకో ముద్ద తినలేదు. నేనే సిగ్గుపడి, మర్నాడు ఆవిడకిష్టమైన పచ్చి చేప భోజనం పెట్టించి క్షమాపణ అడిగాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దోచుకోబోయేవాళ్ళకి ముందుగానే విందు ఇచ్చినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఉద్యోగం మానేశాను. పని చేయడానికి యాభై దాటిన ఆడవాళ్ళని వెతికి పట్టుకుని, మేడమీద నేర్పించాను. డాక్టరు వేగంగా మాట్లాడితే ఎలా ఆపాలి, చెవుడు ఉన్నవాళ్ళకి ఎటువైపు నిలబడి చెప్పాలి, మందులు మారితే ఎలా గుర్తుపట్టాలి. వాళ్ళు నన్ను ఏడిపించేవాళ్ళు, ఇంత చాదస్తం ఉంది కాబట్టే పెళ్ళి కాలేదని. నాకు ఆ మాటలు కూడా బాగుండేవి. బీమా కంపెనీలో నన్ను ఎవరూ ఏడిపించలేదు, భయపడేవాళ్ళు.

తోడు కావాల్సిన మనుషుల్ని చేర్పించడం కోసం అపార్టుమెంటు అపార్టుమెంటుకీ తిరిగాను. వాళ్ళలో బోంగ్ గారని ఒకాయన. కోట్లు కుట్టే దర్జీగా చేసి మానేసినాయన, పెళ్ళి చేసుకోలేదు. ఎవర్నీ తొందరగా నమ్మేరకం కాదు. మొదటిసారి వెళ్తే తలుపు సందులోంచే పంపేశాడు. మళ్ళీ వెళ్తే గుమ్మం దాటనిచ్చాడు. ఆ తర్వాత బార్లీ టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ కంపెనీ ఎవరిది?" అన్నాడు.

నాదేనన్నాను.

"రేపు ఇంకెవరో వచ్చి, మాకు తెలీదండీ, ఆవిడ ఎవరో చెప్పిందండీ అంటే?"

"ఎవరూ రారండి. డైరెక్టర్ని నేనే. ఏ లోటు వచ్చినా నా పీక పట్టుకోండి" అన్నాను.

అందరికీ అదే మాట చెప్పాను. వాళ్ళు చేరింది కంపెనీ చూసి కాదు, ఆ మాట చూసి. నా దగ్గర అమ్మడానికి అప్పుడు అదొక్కటే ఉంది.

ప్రారంభానికి శనివారం పెట్టుకున్నాం. మా దగ్గర కొత్త వ్యాపారానికి చేసే పూజలో పందితల పెట్టాలి, అది కొనడానికి నేనే చిల్‌సోంగ్ బజారుకి వెళ్ళాను. నవ్వుతున్నట్టుండే తల అయితే వ్యాపారానికి మంచిదని ధర ఎక్కువ చెబుతారు. అన్నీ చూసి చూసి, చెవులదాకా నవ్వుతున్నదాన్ని ఏరుకున్నాను. బల్లమీద ఎర్రబీన్సు పొరలు వేసిన బియ్యపు రొట్టె, దారం చుట్టిన ఎండుచేప, కల్లులాంటి తెల్లటి మక్కొల్లి గిన్నెలు సర్దాను. క్లాసువాళ్ళందరూ పూలదండల స్టాండులు పంపారు. మెట్లమీద కూడా నిలబెట్టాల్సి వచ్చింది. నేను నేర్పించిన ఆడవాళ్ళు ఒకే రంగు చొక్కాలు వేసుకుని గోడవారన వరసగా నిలబడ్డారు. చేరినవాళ్ళలో నడవగలిగినవాళ్ళంతా వచ్చారు. బోంగ్ గారు తను కుట్టుకున్న కోటు వేసుకుని వచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

మైకు ప్రొఫెసర్ గారి చేతిలో ఉంది. మా పూజలో మొదటి దండం ఎవరిదైతే వ్యాపారం వాళ్ళది. ఆ తర్వాత పదవిని బట్టి, వయసుని బట్టి ఒక్కొక్కరూ వచ్చి, మక్కొల్లి పోసి, చాపమీద మోకరిల్లి, నుదురు నేలకి ఆనించి, పంది నోట్లో నోటు దోపి పోతారు. కుర్రపిల్లలకి కూడా తెలిసిన వరస ఇది. ముందుగా మన డైరెక్టరు గారు, అన్నారు ప్రొఫెసర్ గారు. నేను చెప్పులు విప్పి, చాపమీద ఒక కాలు పెట్టాను.

"డైరెక్టర్ తేగ్యం గారు" అన్నారు.

తేగ్యం అంటే అక్క కొడుకు. వెనకనించి కొత్త సూటు వేసుకుని వచ్చాడు. వాడు అక్కడ ఉన్నట్టు కూడా నేను చూడలేదు. ఎవరో పేరు తప్పు రాసిచ్చారనుకుని నేను ప్రొఫెసర్ గారి వంక నవ్వుతూ చూశాను. ఆయన చేతిలో మైకు వంకే చూసుకుంటున్నారు. మా క్లాసు సెక్రటరీ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, కొంచెం పక్కకి రా సోన్‌హీ అన్నాడు. ఎంతో మెత్తగా అన్నాడు. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత నెమ్మదిగా లాగాలో ముందే అనుకున్నవాడిలా లాగాడు.

నేను తేగ్యాన్ని చూడలేదు, పందిని చూడలేదు, గదిలో ముఖాల్ని చూశాను. గోడవార నిలబడిన నా ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. కిటికీ పక్కన బోంగ్ గారు తల ముందుకి వంచి చూస్తున్నాడు. మా క్లాసువాళ్ళలో మాత్రం ఒక్క ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. నాతో కలిసి తిన్నవాళ్ళు, తాగినవాళ్ళు, డైరెక్టరమ్మా అని గ్లాసులెత్తినవాళ్ళు, అందరూ చేతులు ముందుకి కట్టుకుని, బుద్ధిగా, ముందే తెలిసిన సంగతి జరుగుతుంటే చూస్తున్నట్టు చూస్తున్నారు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

తర్వాత అక్కని పిలిచారు. ఆ తర్వాత, మన టీం లీడరు తక్ సోన్‌హీ గారు అన్నారు. వెళ్ళాను. మక్కొల్లి పోశాను. మోకరిల్లాను, నోటు దోపాను. ఎందుకు వెళ్ళావని తర్వాత నన్ను నేనే చాలాసార్లు తిట్టుకున్నాను. పూజ మధ్యలో ఆగితే వ్యాపారానికి చెడు జరుగుతుందంటారు. అప్పటికి కూడా నేను ఆ వ్యాపారానికి చెడు జరగకూడదనే అనుకుంటున్నాను.

పూజ అయ్యాక అక్క వెనక గదిలో ఇరుగుపొరుగు కొట్లకి పంచడానికి రొట్టె కోస్తోంది. నేను వెళ్ళి తలుపు వేశాను.

"అక్కా, ఏంటిది?"

"పళ్ళెం అందుకో ముందు. వేడిమీద పంచాలి" అంది.

అందుకున్నాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఆ చేతిమీద కూడా కోపం వచ్చింది.

తేగ్యం డైరెక్టరేంటని అడిగాను. అక్క కత్తి ఆపకుండానే చెప్పింది. వాడికి పెళ్ళి సంబంధం చూస్తున్నారట. అమ్మాయి తండ్రి పెద్ద డాక్టరట. అబ్బాయి ఏం చేస్తాడని వాళ్ళు అడిగితే, అమ్మ కొట్లో మంచాలు మోస్తాడని ఎలా చెప్పాలి? చేతిలో కంపెనీ ఉంటే మాట వేరు. రిజిస్ట్రేషను వేసవిలోనే వాడి పేరున చేయించేశారట. నాకు ముందే చెబుదామనుకుందట గానీ, పూజ దాకా ఆగితేనే మంచిదని, ముందే చెబితే మనసు కష్టపెట్టుకుంటుందని ప్రొఫెసర్ గారే అన్నారట. తక్కినవాళ్ళు కూడా అదే మంచిదన్నారట. నా మనసు కోసం అందరూ కలిసి ఇంత ఆలోచించారన్నమాట.

"నేను పెట్టిన డబ్బు?" అన్నాను.

"ఎక్కడికి పోతుందే. ఉంటుంది. అడిగినప్పుడు ఇస్తా."

"నేనడిగేది డబ్బు కాదు."

"మరేం కావాలి నీకు?" అంది. ఇప్పుడు కత్తి పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "పని కావాలన్నావు, ఇచ్చాను. మనసుకి పట్టే పనైతే చాలు, కుర్చీ వద్దు, పేరు వద్దు అని క్లాసులో నిలబడి చెప్పింది నువ్వు కాదూ? నువ్వు వద్దన్నవే మావాడికి కావలసినవి. ఇందులో నీకు పోయిందేంటి, చెప్పు."

ఆవిడ నిజంగానే అడుగుతోంది. కళ్ళలో కపటం కూడా లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"వద్దన్నాను. తీసేసుకోమనలేదు" అన్నాను.

అక్క గుడ్డ అందుకుంది. చేతులు తుడుచుకుంది.

"తక్ సోన్‌హీ గారూ, మీరు అలా అనుకుంటే నేను చేయగలిగింది ఏమీ లేదండి" అంది. మొదటివారం నా గ్లాసులో సోజు పోసిన తర్వాత ఆవిడ నోట మీరు అన్నమాట వినడం అదే మొదటిసారి. తర్వాత పళ్ళెం నా చేతిలోంచి తనే తీసుకుని, తలుపు దగ్గర ఆగి, "సోమవారం బోంగ్ గారికి మత్తిచ్చి చేసే పరీక్ష ఉంది. మీరే వెళ్తారుగా" అంది.

అడగలేదు, చెప్పింది. నేను వెళ్తానని ఆవిడకి తెలుసు. ఈ లెక్కంతా దానిమీదే కట్టారు. డబ్బుకోసం పనిచేసేవాళ్ళయితే కోపమొస్తే పోతారు. మనసుకోసం చేసేదాన్ని ఎక్కడికి పోతాను?

ఆదివారమంతా ఇంట్లో పడుకున్నాను. ఫోను చాలాసార్లు మోగింది. క్లాసువాళ్ళు. పెద్దమనసు చేసుకో సోన్‌హీ, అక్క నీకు ఎంత చేసిందో మర్చిపోకు అని ఒకళ్ళు. చిన్నవిషయాన్ని పెద్దది చేయొద్దని ఒకళ్ళు. ప్రొఫెసర్ గారు మాత్రం చేయలేదు. బోంగ్ గారికి ఫోను చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఏమని చెప్పను? పరీక్షకి ముందు మనిషిని కంగారుపెట్టడం ఎందుకని ఆగాను. ముందే చెబితే బాధపడతాడని ఆగానన్నమాట. ప్రొఫెసర్ గారన్న మాటే నేనూ అనుకున్నానని సోమవారం దాకా నాకు తట్టనేలేదు.

సోమవారం పొద్దున్నే వెళ్ళాను. బోంగ్ గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కడుపు ఖాళీ కావడంతో ముఖం పాలిపోయి ఉంది. చిన్న గుడ్డసంచీ ఒకటి పట్టుకున్నాడు. టాక్సీ ఎక్కించి తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో తోడు వచ్చినవారి కాలమ్ దగ్గర నా పేరు రాశాను. లోపలికి పిలిచేదాకా కూర్చోమన్నారు.

"బోంగ్ గారూ, మీకో విషయం చెప్పాలి. ఆ కంపెనీకి డైరెక్టర్ని నేను కాదు" అన్నాను.

"చూశానుగా" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను.

"మీరు చెబుతారేమోనని నిన్నంతా ఫోను దగ్గరే కూర్చున్నాను."

"నాకు కూడా ఆరోజే తెలిసిందండి. నిజంగా. పూజ దగ్గరే తెలిసింది. నన్ను మోసం చేశారు" అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఎవరో ఒకరు వింటే చాలనిపించింది.

ఆయన సంచీ మూతి ముడి వేసుకుంటూ నింపాదిగా చెప్పాడు. "కొన్నేళ్ళ కింద నడుంనొప్పి పోతుందని కరెంటుతో వేడెక్కే రాళ్ళ పరుపు ఒకటి అమ్మారు నాకు. కుర్రాడు ఎంతో మంచివాడు, రోజూ వచ్చి నా కాళ్ళు పట్టేవాడు. పరుపు పాడైతే వాడికే ఫోను చేశాను. నాకేం తెలీదు తాతగారూ, పైవాళ్ళు నన్నూ మోసం చేశారు అని ఏడ్చాడు. నిజమే అయ్యుంటుంది. మీదీ నిజమే అయ్యుంటుంది."

తిట్టి ఉంటే బాగుండేది.

నర్సు వచ్చి పేరు పిలిచింది. కట్టుడుపళ్ళు, కళ్ళద్దాలు, పర్సు, అన్నీ తీసి మీతో వచ్చినావిడకి ఇచ్చి రండి అంది. ఆయన కళ్ళద్దాలు తీశాడు. పళ్ళు తీసి రుమాల్లో చుట్టాడు. అన్నీ గుడ్డసంచీలో వేశాడు. నేను లేచి రెండు చేతులూ చాపాను. ఆయన నా చేతుల్ని చూశాడు, అద్దాలు లేని కళ్ళతో నన్ను చూశాడు. తర్వాత సంచీ నర్సు చేతికిచ్చాడు.

"మీ దగ్గరే పెట్టుకోండమ్మా" అన్నాడు. పళ్ళు లేక మాట సరిగ్గా పలకలేదు గానీ, నర్సుకీ నాకూ అర్థమైంది. "ఈవిడ ఎవరో నాకు అంతగా తెలీదు."

నర్సు నా వంక ఒకసారి చూసి సంచీ తీసుకుంది. తలుపు మూసుకుంది. తోడు మనిషి బయటే ఉండాలి కాబట్టి, ఆయన లేచి వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నాను.